చూరు నీళ్ళతో కాపురం: హవాయి లావా అడవిలో వాననీటి ట్యాంకు ఎలా పెట్టుకోవాలి

పూనాలో స్థలం కొనాలనుకునే తెలుగువారు నన్ను అడిగే మొదటి ప్రశ్న ఎప్పుడూ సోలార్ ప్యానెళ్ళ గురించే ఉంటుంది. ఎన్ని ప్యానెళ్ళు పెట్టాలి, ఎంత బ్యాటరీ కావాలి అని అడుగుతారే తప్ప నీళ్ళ సంగతి ఎవరూ ఎత్తరు. ఏటా మూడు మీటర్లకు పైగా వాన పడే చోట నీళ్ళకేం కొదవ అనుకుంటారు. నేనూ అలాగే అనుకుని వచ్చి, మొదటి ఏడాదిలోనే ఖాళీ ట్యాంకు పక్కన నిలబడి ట్యాంకర్ లారీ కోసం ఎదురుచూశాను. అందువల్ల ఇక్కడ నీళ్ళ గురించే వివరంగా రాస్తున్నాను. కరెంటు, మరుగుదొడ్డి గురించి అవసరమైనంత వరకే చెబుతాను.

పూనా అంటే మహారాష్ట్రలోని పూణె కాదు. హవాయి రాష్ట్రంలో పెద్ద దీవి అని పిలిచే హవాయి దీవికి తూర్పు మూలన, కిలవేయా అగ్నిపర్వతం వాలు మీద ఉన్న జిల్లా ఇది. 1950లు, 60లలో అడవినీ లావా నేలనూ గళ్ళు గళ్ళుగా కొలిచి ప్లాట్లు వేసి అమ్మారు. వాటిలో చాలావాటికి ఈనాటికీ మంచినీటి పైపు గాని, కరెంటు లైను గాని, తారురోడ్డు గాని రాలేదు. పక్కనే ఉన్న హైలో పట్టణంలో ఏటా సగటున సుమారు 3,200 మిల్లీమీటర్ల వాన పడుతుంది, అంటే హైదరాబాద్ వానకు దాదాపు నాలుగు రెట్లు. అయినా పూనాలో ఏడాది పొడుగునా పారే వాగు కనిపించదు. నీరు పల్లమెరుగు అంటాం గాని, ఇక్కడ నీరు పల్లం దాకా పోకుండా పడిన చోటే రాతి పగుళ్ళలోకి దిగిపోతుంది. మన వికారాబాద్ వైపు నల్లరేగడి కింద ఉన్నదీ, కొవ్వూరు దగ్గర పంగిడి క్వారీల్లో తవ్వే నల్లరాయీ లావాయే అయినప్పటికీ, అది సుమారు ఆరున్నర కోట్ల ఏళ్ళ నాటిది కనుక పైపొర మట్టిగా మారి నీటిని పట్టుకుంటుంది. ఇక్కడి లావాలో కొంత 2018లో పారినది. కాబట్టి మీ బావి, మీ చెరువు, మీ కుళాయి అన్నీ మీ ఇంటి కప్పే.

ఏమేం కావాలి

- సీసం లేని రంగు వేసిన లోహపు రేకుల కప్పు, రబ్బరు వాషర్లున్న స్క్రూలు
- గట్టర్లు (చూరు వెంబడి నీటిని పట్టే కాలువలు), వాటి మీద జల్లెడ, మొదటి వాన నీటిని పక్కకు మళ్ళించే పైపు
- 19,000 నుంచి 38,000 లీటర్ల ట్యాంకు (ఇక్కడి లెక్కలో 5,000 నుంచి 10,000 గాలన్లు), లోపల నీరు కారకుండా పరిచే లైనర్ షీటు, నల్లటి గుడ్డ పై కప్పు
- పంపు, పైపుల్లో నీటి ఒత్తిడిని నిలిపే ప్రెషర్ ట్యాంకు
- 20 మైక్రాన్ల మడ్డి ఫిల్టరు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యోవంతు), 5 మైక్రాన్లు లేదా అంతకన్నా సన్నని కార్బన్ బ్లాక్ (బొగ్గును ఒత్తి చేసిన) ఫిల్టరు, సూక్ష్మజీవులను చంపే యూవీ (అతినీలలోహిత) దీపం
- వాసన కలపని బ్లీచ్, వంటసోడా, క్లోరిన్‌నూ పీహెచ్‌నూ (నీటి ఆమ్ల గుణాన్ని చూపే కొలత) చూసే పరీక్ష పట్టీలు
- రబ్బరు చేతి తొడుగులు, టార్చిలైటు, పొడవైన ఇనుప గడ్డపార

1. స్థలం చూసేటప్పుడే నేలను తట్టి చూడండి.

కొనకముందే ఆ ప్లాటు ఏ లావా ప్రమాద మండలంలో ఉందో చూసుకోవాలి. అమెరికా భూగర్భ సర్వే ఈ దీవిని 1 నుంచి 9 వరకు మండలాలుగా విభజించింది. వీటిలో 1 అన్నింటికన్నా ప్రమాదకరమైనది, అక్కడ ఇంటికి బీమా దొరకడమే కష్టం. 2018 మే 3న లేలానీ ఎస్టేట్స్ అనే కాలనీ వీధుల మధ్యే నేల చీలి లావా ఎగజిమ్మింది. అది 1వ మండలమే. ఆ వేసవి ముగిసేలోగా పూనాలో 700కు పైగా ఇళ్ళు పోయాయి. కపోహో దగ్గర ఉన్న మంచినీటి సరస్సు ఒకటి జూన్ 2న లావా తాకిన కొన్ని గంటల్లోనే మొత్తం ఆవిరైపోయింది. చౌకగా వస్తున్న ఎకరం ఎందుకు చౌకో ఈ మండలాల పటం చూస్తే చాలావరకు తెలుస్తుంది.

తరువాత ట్యాంకు పెట్టదలచిన చోటికి వెళ్ళి గడ్డపారతో అడుగడుగుకూ గట్టిగా తట్టండి. తాళ్ళలాగా ముడతలు పడి గట్టిపడిన నున్నటి లావాను ఇక్కడ పాహోయ్‌హోయ్ అంటారు, గరుకు గడ్డల లావాను మన అక్షరమాల మొదటి రెండక్షరాలు పలికినట్టే ‘అఆ’ అంటారు. పాహోయ్‌హోయ్ కింద బోలు సొరంగాలు ఉంటాయి. ఇదే జిల్లాలో ఉన్న కజుమురా సొరంగం పొడవు 65 కిలోమీటర్లు. గడ్డపార దెబ్బకు కుండ మీద కొట్టినట్టు డొల్ల మోత వస్తే ఆ చోటును వదిలేయండి. 38,000 లీటర్ల నీరంటే 38 టన్నుల బరువు. మీ నేలలో సొరంగపు నోరు కనబడితే చెత్త వేయడానికి పనికొస్తుందని అనుకోవద్దు. ఇలాంటి గుహల్లో హవాయియన్ల పూర్వీకుల సమాధులు ఉంటాయి. అంతేకాక అందులో పోసిన మురుగు ఎక్కడ తేలుతుందో ఎవరూ చెప్పలేరు.

2. కప్పు ఎంత, వాడకం ఎంత అనే లెక్క వేయండి.

ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు నీరు. గుర్తుంచుకోవలసిన సూత్రం ఇదొక్కటే. 100 చదరపు మీటర్ల కప్పు మీద 25 మిల్లీమీటర్ల వాన పడితే 2,500 లీటర్లు వస్తాయి. చిందడం, పొంగడం, మొదటి నీటిని వదిలేయడం పోగా 2,000 లీటర్లు చేరాయని లెక్కపెట్టుకోండి. చాలామంది వాలు వెంబడి రేకులు కొలిచి మురిసిపోతారు గాని, వానకు లెక్క అది కాదు. కప్పు నీడ నిట్టనిలువుగా నేల మీద ఎంత మేర పడుతుందో అంతే కొలవాలి.

ఇద్దరు మనుషులు తలా 150 లీటర్లు వాడితే రోజుకు 300 లీటర్లు. ఈ లెక్కన 19,000 లీటర్ల ట్యాంకు నిండుగా ఉంటే రెండు నెలలు, 38,000 లీటర్ల ట్యాంకు నాలుగు నెలలు వస్తుంది. ఎల్‌నినో ఏడాది శీతాకాలంలో హవాయిలో వానలు తగ్గిపోతాయి కనుక, డబ్బు సరిపోతే పెద్ద ట్యాంకే పెట్టండి. ప్యానెళ్ళను తరువాత ఒక్కొక్కటిగా పెంచుకోవచ్చు, ట్యాంకును పెంచుకోలేరు.

3. కప్పును, గట్టర్లను తాగేనీటి పాత్రల్లా చూడండి.

అగ్నిపర్వతం వదిలే గంధక వాయువు వల్ల ఇక్కడి వాన తరచుగా ఆమ్ల గుణంతో పడుతుంది. ఆ నీరు లోహాన్ని తింటుంది. సీసపు తలల మేకులు, అతుకుల దగ్గర సీసపు పట్టీలు, పాత సీసపు రంగులు ఉన్న కప్పు నుంచి నీరు పడితే అందులో సీసం కలుస్తుంది. దాన్ని మరిగించినా, క్లోరిన్ వేసినా పోదు. పాత ఇల్లు కొంటుంటే ముందుగా ఈ మూడూ వెతకండి. సందేహంగా ఉంటే నీటిని ప్రయోగశాలకు పంపి సీసం పరీక్ష చేయించండి.

కప్పు మీదికి వంగిన కొమ్మలన్నీ కొట్టించండి. ఆకులు రాలతాయన్నది చిన్న కారణం, ఎలుకలు వాటి మీదుగానే కప్పెక్కుతాయన్నది పెద్ద కారణం. వాటి మూత్రం వల్ల లెప్టోస్పైరోసిస్ అనే జ్వరం వస్తుంది. సులువుగా విరిగే అల్బీజియా చెట్లయితే ఇంటి దరిదాపుల్లో ఉండకూడదు. 2014 ఆగస్టులో ఐసెల్ తుపాను వచ్చినప్పుడు పూనా రోడ్ల మీదా కరెంటు తీగల మీదా విరిగి పడినవి ఎక్కువగా ఇవే. ఇక్కడి స్థానిక వృక్షమైన ఓహియా చెట్టును మాత్రం నరకకండి, గాయం కూడా చేయకండి. గాయాల గుండా ప్రవేశించే బూజు తెగులు ఈ దీవిలో లక్షలాది ఓహియాలను చంపింది. అడవిలోకి వెళ్ళి వచ్చాక బూట్ల మట్టి దులిపి, అడుగులకూ కత్తులకూ 70 శాతం ఆల్కహాల్ చల్లండి.

మొదటి వాన నీటిని వదిలే పైపుకు లెక్క సులువే. కప్పు మీద పడిన మొదటి అర మిల్లీమీటరును పారబోయాలి, అంటే 100 చదరపు మీటర్లకు 50 లీటర్లు. ఆ పైపు అడుగున సన్నని రంధ్రం ఉంచితే తరువాతి వానకు తనంతట అదే ఖాళీ అవుతుంది. ఆ రంధ్రం పూడుకుపోయిందేమో నెలకొకసారి చూడండి. పూడిపోతే పైపు ఉండీ లేనట్టే.

4. ట్యాంకు అడుగును నున్నగా చేయండి.

ఇక్కడ ఎక్కువగా వాడేది ముడతల రేకుతో బిగించి లోపల లైనర్ పరిచే గుండ్రటి ట్యాంకు. దానికి ప్రాణం లైనరే. లావా ముక్క అంచు గాజుపెంకులా కోస్తుంది. ముందు సిండర్ అనే సన్నని లావా కంకర పోసి, మట్టం చూసి, తడిపి, దిమ్మిస కొట్టి, దాని మీద మందపాటి గుడ్డ పరిచిన తరువాతే లైనర్ వేయాలి. పని ముగిశాక బూట్లు విప్పి, మోకాళ్ళ మీద కూర్చుని అరచేతులతో అంగుళం అంగుళం తడమండి. చేతికి గుచ్చుకున్నది రేపు లైనర్‌కు గుచ్చుకుంటుంది. మట్టం తప్పితే నీటి బరువంతా ఒకవైపు రేకు మీద పడి ట్యాంకు చిరుగుతుంది.

నిండిన తరువాత కారుతోందో లేదో తెలుసుకోవడానికి వాన లేని రాత్రి పంపు ఆపి, నీటి మట్టం దగ్గర పెన్సిల్‌తో గీత గీసి, తెల్లవారాక చూడండి. 5 మీటర్ల వ్యాసం ఉన్న ట్యాంకులో ఒక సెంటీమీటరు దిగిందంటే దాదాపు 200 లీటర్లు పోయినట్టు.

5. ట్యాంకు పై కప్పు బిగించండి, నత్తలను రానీయకండి.

ఈ అడుగును తేలికగా తీసుకునేవారే ఎక్కువ. తూర్పు హవాయిలో ఎలుక ఊపిరితిత్తుల పురుగు అనే జబ్బు ఉంది. ఆ పురుగు ఎలుకలో పెరుగుతుంది, ఎలుక పెంటను తిన్న నత్తలోకి చేరుతుంది, ఆ నత్త గాని దాని నుంచి బయటపడిన సన్నని పురుగు గాని మన కడుపులోకి పోతే మెదడు దాకా వెళుతుంది. తీవ్రమైన తలనొప్పి, మెడ బిగుసుకుపోవడం, చర్మం మీద సూదులు గుచ్చినట్టుండడం దాని లక్షణాలు. అవి కనబడితే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్ళాలి. వీపు మీద చిన్న పెంకు ముక్క మాత్రమే ఉండే ఒక గోధుమ రంగు నత్త గోడలు, పైపులు, ట్యాంకులు చకచకా ఎక్కుతుంది. భయపడవలసింది ఎక్కువగా దానికే.

వాన వెలిసిన రాత్రి టార్చి పట్టుకుని ట్యాంకు చుట్టూ ఒకసారి తిరగండి. పై కప్పు గుడ్డను తాడుతో బిగించిన అంచు దగ్గర మడతలు పడతాయి. ఆ మడతను వేలితో కాదు, పుల్లతో ఎత్తి చూడండి. నేను మొదటిసారి ఎత్తినప్పుడు బొటనవేలంత నత్తలు మూడు, తడి తోలు ముక్కల్లా ఒకదాన్నొకటి అంటుకుని, రేకు అంచుకూ నీటికీ మధ్య జానెడు దూరంలో ఉన్నాయి. వాటిని తొడుగులు వేసుకునే తీయాలి, గాఢమైన ఉప్పునీటి సీసాలో వేసి మూత బిగించాలి. కాలితో నలపకండి, ఆ బంక నేల మీద మిగిలిపోతుంది.

పై కప్పు మధ్యలో కుంగితే దాని మీద నీరు నిలుస్తుంది. ఆ గుంటలో దోమలు పుడతాయి, నత్తలు తడికి చేరతాయి. 2015-16లో ఈ దీవిలో డెంగీ వ్యాపించి 264 మందికి సోకింది. ట్యాంకు నడుమ ఒక స్తంభం నిలిపి గుడ్డను గొడుగులా ఎత్తి కట్టండి. పొంగు నీరు పోయే పైపు నోటికి దోమతెర బిగించండి. వెలుతురు లోపలికి పోకూడదు, పోతే నాచు పడుతుంది. తోటలో కోసిన ఆకుకూరలను ఒక్కొక్క ఆకుగా విడదీసి కుళాయి కింద కడిగి, ఉడికించి తినండి. మన తోటకూర పప్పుకు ఇబ్బంది లేదు. కొత్తిమీర పచ్చిగా చల్లుకోవడం మాత్రం నేను మానుకున్నాను.

6. ఫిల్టర్లను వరుస తప్పకుండా బిగించండి.

ట్యాంకు నుంచి నీటిని అడుగు మడ్డికి జానెడు పైన తీసుకోవాలి. మూతి దగ్గర తేలే బంతి కట్టి, నీటి మట్టానికి కొంచెం కింద నుంచి తోడే గొట్టమైతే ఇంకా మంచిది. పంపు తరువాత 20 మైక్రాన్ల మడ్డి ఫిల్టరు, దాని తరువాత 5 మైక్రాన్ల కార్బన్ బ్లాక్, చివర యూవీ దీపం రావాలి. దారం చుట్టిన మామూలు మడ్డి ఫిల్టరు మీద 5 మైక్రాన్లని రాసి ఉన్నా దాన్ని నమ్మకండి. సన్నని పురుగు మెలికలు తిరుగుతూ దారాల మధ్య నుంచి దూరిపోగలదు. దాన్ని ఆపడానికి ఒత్తి చేసిన కార్బన్ బ్లాకే కావాలి.

ఎక్కువగా జరిగే పొరపాట్లు మూడు. మొదటిది, యూవీ దీపాన్ని ఫిల్టర్లకు ముందు పెట్టడం. మురికి నీటిలో ఆ వెలుగు సూక్ష్మజీవులను చేరదు. రెండవది, నీలి వెలుగు కనబడుతోంది కదా అని దీపాన్ని ఏళ్ళ తరబడి మార్చకపోవడం. కంటికి వెలుగుతున్నట్టే ఉన్నా చంపే శక్తి తగ్గిపోతుంది కనుక ఏటా మార్చాలి. మూడవది, బ్యాటరీ ఆదా చేద్దామని రాత్రిళ్ళు యూవీ ఆపి, పంపు మాత్రం నడపడం. ఒక్కసారి అలా చేస్తే శుద్ధి కాని నీరు ఇంటి పైపులన్నింటిలోకీ చేరుతుంది. దీపం ఆరితే నీరు ఆగిపోయే వాల్వు దొరుకుతుంది, అది పెట్టించండి. ఫిల్టరు మార్చేటప్పుడు పాతదాన్ని ఒట్టి చేత్తో పట్టుకోకండి, నత్తల అవశేషాలు ఉండేది దాని మీదే.

ఇవన్నీ ఒకేసారి కొనలేకపోతే చాలామంది ఇక్కడ చేసేదే మీరూ చేయండి. స్నానానికీ బట్టలకూ ట్యాంకు నీరు వాడుకుని, తాగడానికీ వంటకూ పహోవా, కియావు వంటి ఊళ్ళలో కౌంటీ (స్థానిక ప్రభుత్వం) పెట్టిన ఉచిత కుళాయిల నుంచి క్యాన్లలో తెచ్చుకోండి. పళ్ళు తోముకోవడం కూడా తాగడం కిందికే వస్తుంది. ఏ నీరైనా ఒక నిమిషం పాటు తెర్లనిస్తే పురుగూ సూక్ష్మజీవులూ చస్తాయి.

7. క్లోరిన్, సోడా కొలిచి వేయండి.

సొంత ట్యాంకు నీటిని ప్రభుత్వం పరీక్షించదు, ఆ బాధ్యత పూర్తిగా మీదే. 1,000 లీటర్ల నీటిలో ఒక పీపీఎం (పది లక్షల వంతుల్లో ఒక వంతు) క్లోరిన్ రావాలంటే 5 శాతం బ్లీచ్ 20 మిల్లీలీటర్లు కావాలి. 20,000 లీటర్లకు 400 మిల్లీలీటర్లు. సీసా మీద శాతం చదవండి, ఎక్కువ ఉంటే ఆ మేరకు తగ్గించండి. సువాసన కలిపినవి, చిందకుండా చిక్కగా చేసినవి పనికిరావు. బ్లీచ్‌ను వెనిగర్ వంటి పులుపుతో ఎప్పుడూ కలపకండి, విషవాయువు వస్తుంది. బకెట్ నీటిలో కలిపి ట్యాంకంతటా పోసి, కొన్ని గంటల తరువాత పట్టీతో చూడండి. 0.2 నుంచి 1 పీపీఎం మధ్య ఉంటే సరిపోతుంది. ఏమీ చూపించకపోతే లోపల మురికే క్లోరిన్‌ను తినేసిందని అర్థం. మరోసారి వేసి చూడండి, అప్పటికీ నిలవకపోతే ట్యాంకు కడగవలసిన రోజు వచ్చినట్టే. క్లోరిన్ బాక్టీరియాను చంపుతుంది గాని పైన చెప్పిన పురుగును నమ్మకంగా చంపదు. కాబట్టి క్లోరిన్ వేశాం కదా అని ఫిల్టరు తీసేయకూడదు.

పీహెచ్ 6.5 కన్నా తగ్గితే వంటసోడా కొంచెం కొంచెంగా కలుపుతూ, రోజు గడిచాక మళ్ళీ కొలుస్తూ పెంచండి. రాగి పైపులున్న ఇంట్లో సింకు మీద నీలి పచ్చ మరకలు పడుతున్నాయంటే పట్టీ అక్కరలేకుండానే నీరు ఆమ్లంగా ఉందని తెలిసిపోతుంది.

కిలవేయా శిఖరంలో 2024 డిసెంబరు 23న మొదలైన విస్ఫోటంలో లావా విడతలు విడతలుగా ఎగజిమ్మింది. అలాంటప్పుడు గాలివాటును బట్టి బూడిదా, పేలే కురులు అనే సన్నని గాజు దారాలూ కప్పుల మీద పడతాయి. హెచ్చరిక వినగానే ట్యాంకులోకి పోయే పైపును ఊడదీయండి. కప్పు కడిగి, ఆ నీరంతా బయటికి వదిలిన తరువాతే తిరిగి కలపండి. గాజు దారాలను ఒట్టి చేత్తో ఊడ్చవద్దు.

8. పంపుకు సరిపడా కరెంటు, ఆ తరువాత మిగతావి.

750 వాట్ల పంపు రోజుకు 20 నిమిషాలు నడిస్తే 250 వాట్-అవర్లు ఖర్చవుతాయి. 40 వాట్ల యూవీ దీపం రోజంతా వెలిగితే 960. ఆశ్చర్యంగా ఉన్నా దీపమే ఎక్కువ తింటుంది. ఈ రెండింటికీ నాలుగు మబ్బు రోజులు సరిపడే బ్యాటరీ పెట్టుకుని, ఆ పైన ఫ్రిజ్ సంగతి చూడండి. వంటకూ వేడినీళ్ళకూ ప్రొపేన్ గ్యాసే మేలు. పంపు మాటిమాటికీ ఆగి మొదలవుతుంటే ప్రెషర్ ట్యాంకులో గాలి తగ్గిందని అర్థం. ఒక చిన్న ట్యాంకును 3 మీటర్ల ఎత్తున దిమ్మె మీద పెట్టి ఉంచుకుంటే కరెంటు లేని రోజున షవర్ రాకపోయినా చెంబుతో స్నానానికి ధార వస్తుంది.

9. మురుగు.

2016 నుంచి హవాయిలో కొత్తగా ఇంకుడు మురుగుగుంత తవ్వడం నిషిద్ధం, ఉన్నవాటిని 2050 లోగా మార్చాలి. కాబట్టి సెప్టిక్ ట్యాంకు ఖర్చును స్థలం ధరలో కలిపే బేరమాడండి. స్నానపు నీటిని చెట్లకు మళ్ళించే ముందు కౌంటీ నిబంధనలు కనుక్కోండి.

10. తప్పకుండా చూడవలసినవి.

వారానికొకసారి క్లోరిన్ పట్టీ, రాత్రి టార్చితో ట్యాంకు అంచు. నెలకొకసారి గట్టర్లు, మొదటి నీటి పైపు రంధ్రం, పీహెచ్. మూడు నెలలకొకసారి ఫిల్టర్లు, లేదా కుళాయి ధార సన్నబడినప్పుడు అంతకు ముందే. ఏటా యూవీ దీపం, ప్రయోగశాలలో కోలిఫాం (నీరు కలుషితమైందని సూచించే బాక్టీరియా) పరీక్ష. ఆ పరీక్షకు నీటిని ట్యాంకు నుంచి కాక వంటింటి కుళాయి నుంచి పట్టండి, ఎందుకంటే మీరు తాగేది అక్కడి నీటినే. పట్టే ముందు కుళాయి జల్లెడ విప్పి, రెండు నిమిషాలు నీరు వదిలి, ప్రయోగశాల ఇచ్చిన సీసాలోనే పట్టి, మంచుముక్కల పెట్టెలో ఉంచి అదే రోజున అందించండి. కోలిఫాం ఉందని వస్తే ట్యాంకుకు క్లోరిన్ వేసి, పైపులన్నింటిలో ఆ నీటిని పారించి, ఒక రాత్రి ఆపి వదిలేసి, వారం తరువాత మళ్ళీ పంపండి. రెండవసారీ వస్తే ఒకరు కప్పు మీదికెక్కి చూడాలి. మా ఇంట్లో అలా వచ్చినప్పుడు గట్టరు మలుపులో చచ్చిన కోకీ కప్ప ఒకటి దొరికింది.